దూరపు కొండల నునుపు

మా ఇంటి హాల్లో గోడకు ఏడు ఫొటోలున్నాయి. వాటిలో ఆరింటిని చూసి ఎవరూ ఏమీ అనరు. ఏడవదాని దగ్గరకు రాగానే మాత్రం వచ్చినవారు ఒక్క క్షణం ఆగుతారు. "ఇదేమి చిత్రమండీ! ఆ కమాను కిందుగా నడిచి చార్మినారు దాకా పోవచ్చు ననిపిస్తున్నది!" అంటారు.

నడిచిపోవడానికి అక్కడ ఏమున్నది? ఒక అద్దం, దాని వెనుక ఒక కాగితం. ఆ కాగితానికి పొడుగున్నది, వెడల్పున్నది, లోతు మాత్రం లేదు. లేని లోతును ఉన్నట్లుగా కంటికి చూపించడ మెట్లా అన్నదే ఈ వ్యాసంలోని విషయం. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఈ గొడవ ఎందుకు పట్టిందని చదువరులు అడగవచ్చు. పుస్తకాలు చదివి పట్టలేదు. మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక పట్టింది. ముందుగా ఆ సంగతి మనవి చేస్తాను.

అమ్మ అడిగిన ప్రశ్న

మాది హైదరాబాదు పాతనగరంలో శాలిబండ. నాన్నగారు పోయి ఏడాది కావస్తున్నప్పుడు, సంవత్సరీకం నాటికి ఆయన ఫొటో ఒకటి పెద్దది చేయించి పెట్టాలని ఇంట్లో అనుకున్నాము. వెదికితే దొరికినవి మూడే మూడు. ఒకటి ఆఫీసు గుర్తింపు కార్డుది. అందులో ఆయన ఏదో నేరం ఒప్పుకోబోతున్నట్లున్నారు. రెండవది ఎవరి పెళ్లిలోనో గుంపుతో తీసినది. అందులో ముఖం కందిగింజంత. ఇక మూడవది 1978 సంక్రాంతి నాటి ఉదయం మచ్లీ కమాను ముందు తీసినది.

ఆ రోజుల్లో మా పొరుగాయన దగ్గర అగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా ఒకటి ఉండేదట. రీలుకు పన్నెండు బొమ్మలు. పండుగ పూట పదకొండు తీసి, మిగిలిన పన్నెండవది మా నాన్నగారి మీద ఖర్చు పెట్టాడు. ఫొటోలో నాన్నగారు తెల్లచొక్కాతో ఎండలో నిలబడి ఉన్నారు. వెనుక కమాను నీడ నల్లగా పరుచుకొని ఉన్నది. ఆ నల్లదనంలో ఏదో మరక. దానికీ ఆవల పాలిపోయి చార్మినారు. నాన్నగారు కెమేరా వైపు చూడడం లేదు. మెడ పక్కకు తిప్పి, నోరు సగం తెరచి ఉన్నారు. "ఫొటో తీసేటప్పుడు దిక్కులు చూసిన మనిషి" అని ఇంట్లో అందరం ఆయనను నలభై ఏళ్లు ఆట పట్టించాము. ఆయన నవ్వి ఊరుకొనేవారు.

మా అక్క కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు ఆ ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించి, మీట ఒకటి నొక్కాడు. రెప్పపాటులో నాన్నగారు మాత్రం స్పష్టంగా నిలిచి, వెనుకనున్నదంతా మంచు కరిగినట్లు కరిగిపోయింది.

"చూడు మామా, తాత ఎట్ల బయటికొచ్చిండో!" అన్నాడు.

నిజంగానే వచ్చారు. నాకు సంతోషమయింది. అచ్చు వేయించి, పటం కట్టించి అమ్మ చేతిలో పెట్టాము. ఆవిడ కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూచింది. కన్నీళ్లు పెట్టుకొంటుందేమో నని మేము చూస్తున్నాము. ఆవిడ తల ఎత్తి ఇట్లా అన్నది:

"మీ నాయిన మంచిగనే వచ్చిండు. మరి నన్నేడ దాచిండ్రు?"

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నాను.

"గా కమాను కిందనే ఉంటి. సంకల మీ అక్క సుత ఉండె."

మేనల్లుడి ముఖం చూడాలి! తాతను బయటికి తెచ్చే తొందరలో అమ్మమ్మను, ఆవిడ చంకలోనున్న తన కన్నతల్లిని వాడు ఒక్క మీటతో చెరిపి పారేశాడు. మేమందరం మరక అనుకొన్నది మరక కాదు.

ఆ పటం విప్పించి, మళ్లీ మొదటికి వచ్చాము. అప్పటినుంచి నాకీ లోతు సంగతి పట్టుకొన్నది.

రెండు కళ్లు, రెండు బొమ్మలు

చదువరులు ఒక చిన్న పని చేసి చూడండి. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. కుడికన్ను మూసి ఎడమకంటితో చూడండి. తరువాత ఎడమకన్ను మూసి కుడికంటితో చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. మన కళ్ల నడుమ సుమారు రెండున్నర అంగుళాల ఎడమున్నది. అందుచేత ఒక్కొక్క కంటికి లోకం కొద్దిగా వేరుగా కనబడుతుంది. ఆ రెండు బొమ్మలను మెదడు కలిపి చూచుకొని, ఏది దగ్గర, ఏది దూరమని తేల్చుకొంటుంది.

ఈ రహస్యాన్ని 1838లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్ వివరించి, స్టీరియోస్కోపు అనే యంత్రాన్ని చూపించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ దానికి కటకాలు అమర్చి చేతిలో ఇమిడేటట్లు చేశాడు. ఒకే దృశ్యాన్ని కొద్ది ఎడంతో రెండు ఫొటోలు తీసి, అట్టమీద పక్కపక్కన అతికించి, ఆ యంత్రంలోనుంచి చూస్తే లోతు నిజంగానే కనబడుతుంది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనం తరువాత ఈ వేడుక ఇల్లిల్లూ చేరింది.

కాని మన ఫొటోలన్నీ ఒంటికన్నువి. కెమేరాకు ఉన్నది ఒకే కటకం. మా నాన్నగారి ఫొటోను రెండు కళ్లతో చూచినా, రెండు కళ్లూ ఒకే మాట చెబుతాయి: "ఇది చదునైన కాగితం." మరి ఆ సాక్ష్యాన్ని కాదని మెదడును ఒప్పించేదేమిటి? ఒంటికంటికి కూడా తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటిని చూడాలంటే నయాపూల్ నుంచి చార్మినారు దాకా ఒకసారి నడిస్తే చాలు.

పత్తర్‌గట్టి పాఠాలు

మూసీ మీది నయాపూల్ దాటి మదీనా మలుపు గడిస్తే పత్తర్‌గట్టి వస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు ఏర్పడింది. వారి హయాంలో కట్టినవే రోడ్డుకు ఇరువైపులా ఈ రాతి దుకాణాల వరుసలు, వాటి కమానులూ. అక్కడ నిలబడి దక్షిణంగా చూడండి. దగ్గరి కమాను పెద్దది, తరువాతిది చిన్నది, ఆ తరువాతిది మరింత చిన్నది. ఇటు వరుస, అటు వరుస దూరాన ఒకే బిందువులో కలుసుకోబోతున్నట్లుంటాయి. ఇది మొదటి గుర్తు: గీతల కలయిక. ఈ సూత్రాన్ని పదిహేనవ శతాబ్దంలో ఇటలీ చిత్రకారులు లెక్క కట్టి పెట్టుకొన్నారు.

రెండవ గుర్తు అడ్డు రావడం. తోపుడుబండి రోడ్డును కప్పితే బండి ముందున్నదని తెలుస్తుంది. పసిపిల్లవానికి కూడా ఇది చెప్పనక్కరలేదు. మూడవది పరిమాణం. మనిషి ఎంత ఉంటాడో మనకు తెలుసు. గులకరాయంత కనబడితే దూరాన ఉన్నాడని అర్థం. నాలుగవది నేలమీది నలుసులు. కాలి దగ్గరి రాళ్లు ఒక్కొక్కటీ లెక్కకు వస్తాయి, దూరాన అన్నీ కలిసి ఒకే చాప అయిపోతాయి.

అయిదవది వెలుగునీడలు. దీనికి పాఠం కావాలంటే ఆ దారినే వెనుకకు మళ్లి, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి పోవాలి. మేలిముసుగు వేసుకొన్న రెబెకా విగ్రహం అక్కడ ఉన్నది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమునుంచి తెప్పించినది. పాలరాతిలో పలుచని ముసుగు, దాని చాటున ముఖం. ముసుగూ రాయే, ముఖమూ రాయే, రెంటి నడుమ సందు లేదు. రాతి మిట్టల మీద వెలుగు, పల్లాలలో నీడ పడే తీరునుబట్టి మన కన్ను అక్కడ ఒక ముసుగును, దాని వెనుక ఒక ముఖాన్ని కల్పించుకొంటుంది.

సినిమా ప్రియులకు మరొక ఉదాహరణ చాలు. 1957 నాటి "మాయాబజార్"లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కురిపించిన వెన్నెల తలచుకోండి. నలుపు తెలుపుల బొమ్మలోనే నీటికి లోతు, ఆకాశానికి దూరం వచ్చాయి. 2010లో కంప్యూటరు సాయంతో ఆ చిత్రానికి రంగులు దిద్ది విడుదల చేశారు. రంగులు తరువాత వచ్చినవి. లోతు మాత్రం అంతకు ముందే అక్కడ ఉన్నది.

సామెతలోని సైన్సు

ఇక ఆరవ గుర్తు. దీనిని తెలుగువారు ఏనాడో కనిపెట్టి సామెతలో దాచిపెట్టారు. దూరపు కొండలు నునుపు!

దూరాన ఉన్నది మేలనిపిస్తుంది, దగ్గరికి పోతే తెలుస్తుంది లోటుపాట్లు అని మనం దీనికి అర్థం చెప్పుకొంటాము. కాని సామెత పుట్టినది కంటితో చూచిన సత్యంనుంచే. కొండకూ మనకూ నడుమ గాలి ఉన్నది. గాలిలో తేమ, ధూళి, పొగ ఉన్నాయి. వెలుగు వాటిని తాకి చెదురుతుంది. అందులోనూ నీలిరంగు ఎక్కువగా చెదురుతుంది. అందుచేత దూరం పెరిగిన కొద్దీ నలుపు నలుపుగా ఉండదు, బూడిదరంగవుతుంది. తెలుపు మాస్తుంది. వివరాలు చెరిగిపోతాయి. కొండ నీలంగా, నున్నగా కనబడుతుంది. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ ఈ సంగతిని విశదంగా రాసిపెట్టాడు. మన పల్లెటూరి రైతు మూడు మాటల్లో తేల్చివేశాడు.

ఫొటోకు లోతు తేవాలనుకొనేవారికి ఈ మూడు మాటలే మూలమంత్రమని నా అనుభవం.

ముసవ్విర్ జంగ్ చూపించిన దారి

ఈ విద్యకు మన నగరంలో పెద్ద వారసత్వమే ఉన్నది. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమేరా పట్టారు. తరువాత హైదరాబాదు చేరి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాగ్రాహకు లయ్యారు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన 1905లో కాలం చేశారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది.

ఆయన తీసిన కోటలు, మందిరాలు, చార్మినారు బొమ్మలు చూస్తే వాటిలోకి నడిచిపోవచ్చు ననిపిస్తుంది. కారణాలు రెండున్నాయి. ఒకటి ఆయన చూపు. ఇంజనీరు కనుక కట్టడాన్ని ఏ మూలనుంచి చూస్తే దాని రెండు ముఖాలూ కనబడతాయో ఆయనకు తెలుసు. రెండవది ఆనాటి గాజుపలకల గుణం. వాటికి నీలికాంతి అంటే మక్కువ ఎక్కువ. దూరాన పరుచుకొనే నీలిమంచును అవి కన్ను చూచిన దానికంటె ఎక్కువగా పట్టేవి. ముందున్నది గట్టిగా, వెనుకనున్నది పొగగా పడేది. అంటే ఆనాటి పలకల లోపమే దూరపు కొండలను తనంతట తాను నునుపు చేసింది!

మరొక ముచ్చట. పరదాలోని స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టారు. కెమేరా ముందుకు రావడానికి ఆడవారికి ఉండిన సంకోచం అటువంటిది. 1978లో మా అమ్మకు పరదా లేకపోయినా, సంకోచం కొంత మిగిలే ఉన్నది. ఆ సంగతి తరువాత.

చీకటిగది నుంచి కంప్యూటరుకు

నేటి సాఫ్ట్‌వేరు చేసే పనులలో చాలా భాగం పాత స్టూడియోల చీకటిగదిలో జరిగినవే. ఎర్రదీపం వెలుగులో కాగితం మీద బొమ్మ పడుతుండగా, తీగెకు గుచ్చిన అట్టముక్కను అడ్డుపెడితే అక్కడ తెల్లబడుతుంది. దానిని డాడ్జ్ అంటారు. రెండు అరచేతుల నడుమ సందుచేసి, ఒక చోట మాత్రమే అదనంగా వెలుతురు పడనిస్తే అక్కడ నల్లబడుతుంది. అది బర్న్. 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో ఈ రెండు పనులూ తరువాత ఆ పేర్లతోనే చేరాయి. నేటికీ ఆ పరికరాల గుర్తులు ఒకటి కాడకు గుచ్చిన బిళ్ల, రెండవది ముడిచిన చేయి. ఉచితంగా దొరికే గింప్ 1996లో వచ్చింది. సెల్‌ఫోనులో స్నాప్‌సీడ్ వంటివి ఉన్నాయి. పేర్లేవైనా పని ఒకటే. ఇంట్లో చేసుకోదలచినవారి కోసం మేము నేర్చుకొన్న వరుస చెబుతాను.

మొట్టమొదట అసలు ఫొటోను ముట్టుకోవద్దు. నకలు తీసి దానిమీద పనిచేయాలి. నెగటివు దొరికితే అదృష్టమే. కాగితం మీద నల్లగా పూడిపోయిన నీడల్లో కూడా నెగటివులో వివరం మిగిలి ఉంటుంది. దానిని 16 బిట్ల పద్ధతిలో స్కాను చేయాలి. 8 బిట్లలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు మాత్రమే ఉంటాయి, 16 బిట్లలో 65,536. నీడను పైకి లేపేటప్పుడు మెట్లు తక్కువైతే బొమ్మ చారలు చారలుగా చీలుతుంది.

రెండవది, బొమ్మను మూడు అరలుగా చూడడం: ముందు, నడుమ, వెనుక. సాఫ్ట్‌వేరులో లేయర్లని, మాస్కులని ఉన్నాయి. మాస్కు అంటే ముగ్గు వేసేటప్పుడు పట్టే చిల్లుల రేకు వంటిది. దిద్దుబాటు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. ఒక్కొక్క అరకు ఒక్కొక్క మాస్కు తీసుకోవాలి.

మూడవది, ఆ అరల రంగును మన సామెత ప్రకారం సర్దడం. కర్వ్స్ అనే గీత ఉన్నది. దానిని వంచితే నలుపు తెలుపులు మారుతాయి. ముందు అరలో నలుపును గాఢంగా, తెలుపును ప్రకాశంగా ఉంచాలి. వెనుక అరలో నలుపును కొంచెం పైకి లేపి బూడిద చేయాలి. రంగుల ఫొటో అయితే ముందు భాగానికి కాస్త పసుపువన్నె, వెనుకకు కాస్త నీలివన్నె ఇవ్వాలి. పొగమంచు తొలగించే డీహేజ్ అనే మీట ఒకటి ఉన్నది. కొత్తవారు దానిని బొమ్మ అంతటికీ వేస్తారు. అప్పుడు దూరపు కొండ మీద చెట్లు లెక్కకు వస్తాయి, కొండ వచ్చి ముక్కు మీద కూర్చుంటుంది. ఆ మంచే దూరానికి ప్రాణం. దానిని ముందు అరలో మాత్రమే తీయాలి.

నాలుగవది, ముఖానికీ వస్తువులకూ గుండ్రదనం. నడిమి బూడిదరంగుతో ఒక లేయరు పరచి, దానిని సాఫ్ట్ లైట్ పద్ధతిలో పెట్టి, వెలుగు పడే మిట్టలమీద తెల్లకుంచె, పల్లాలలో నల్లకుంచె అతి పలుచగా తిప్పాలి. అసలు బొమ్మలో ఎండ ఎటునుంచి వచ్చిందో చూచుకోవాలి సుమా! రెబెకా విగ్రహానికి శిల్పి ఉలితో చేసిన పనే మనం ఇక్కడ కుంచెతో చేస్తున్నాము.

అయిదవది, పదును. షార్పెనింగు ముందు అరకే. చివరది మసక, అంటే బ్లర్. దానిని వంటలో ఇంగువలాగా వాడాలి. దూరాన్నిబట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. మనిషి పాదాల దగ్గరి నేల స్పష్టంగా ఉండి, ఆ నేలే క్రమంగా మసకబారుతూ పోవాలి. నేలను కూడా ఒక్కసారిగా మసక చేస్తే మనిషి గాలిలో తేలుతాడు, అట్టబొమ్మ కత్తిరించి అతికించినట్లుంటాడు.

కంప్యూటరు ఊహ, మనిషి ఎరుక

మరి మా మేనల్లుడి మీట చేసినదేమిటి? ఫొటోలోని ఒక్కొక్క చుక్క ఎంత దూరాన ఉన్నదో కంప్యూటరు అంచనా కట్టి, ఒక బూడిదరంగు బొమ్మ గీసుకొంటుంది. దగ్గరివి తెలుపు, దూరానివి నలుపు. దానిని డెప్త్ మ్యాప్ అంటారు. ఆ పటాన్ని అనుసరించి మసకను వేస్తుంది. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్ రెండు కటకాలతో, మన రెండు కళ్ల మాదిరి, ఈ దూరాన్ని కొలిచింది. మరుసటి ఏడు గూగుల్ పిక్సెల్ 2 ఒకే కటకం వెనుక ఒక్కొక్క చుక్కను రెండు సగాలు చేసి అదే పని సాధించింది. పాత ఫొటోకు ఆ సౌకర్యం లేదు. అందుకని, దూరాలు తెలిసిన బొమ్మలు అనేకం చూచి నేర్చుకొన్న సాఫ్ట్‌వేరు, ఒంటికంటి గుర్తులనుబట్టి ఊహిస్తుంది.

ఆ ఊహ చాలాసార్లు సరిగానే ఉంటుంది. జుట్టు అంచుల్లో, కళ్లజోడు అద్దాల్లో, చేయికీ నడుముకూ నడుమ సందులో తడబడుతుంది. చీకటిలో కలిసిపోయిన మనిషిని గోడ అనుకొంటుంది. మా అమ్మను అట్లాగే అనుకొన్నది. అయితే తప్పు దానిది కాదు. ఏది ముఖ్యమో దానికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పగలిగిన మనిషి పక్కగదిలో పూలు కడుతూ కూర్చున్నది. మేమే అడగలేదు.

నీడలోనుంచి వచ్చిన నవ్వు

"నెగటివు ఏమైనా ఉన్నదా అమ్మా?" అంటే, ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత కవరు తీసి ఇచ్చింది. మేనల్లుడూ నేనూ మూడు సాయంత్రాలు కూర్చున్నాము. ఈసారి మసక మీట ముట్టలేదు. ఆ డబ్బా కెమేరాకు దగ్గరా దూరమూ తేడా లేదు. అంతా ఒకే తీరున స్పష్టంగా పడుతుంది. అందుచేతనే ఆ బొమ్మ చదునుగా ఉన్నది. దానికి లోతు తేవాలంటే వెలుగునీడలే దిక్కు.

చార్మినారును దాని సంక్రాంతి మంచులోనే ఉండనిచ్చి, అందులోని నలుపును మరికొంచెం పైకి లేపాము. అది నాలుగడుగులు వెనుకకు జరిగింది. నాన్నగారి చొక్కామడతలకు, బుగ్గ అంచుకు పలుచని నీడ దిద్దాము. ఆయన రెండడుగులు ముందుకు వచ్చారు. ఆ రెంటి నడుమ ఇప్పుడు చోటు ఏర్పడింది. ఆ చోటులోనే కమాను నీడ ఉన్నది. ఆ నీడకు మాస్కు తీసుకొని, కర్వ్స్ గీతను వెంట్రుకవాసి, వెంట్రుకవాసిగా ఎత్తాము.

మొదట చీర అంచు కనబడింది. తరువాత ఒక మోచేయి. చంకలో కుళ్లాయి పెట్టుకొన్న బిడ్డ. చివరకు ముఖం. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.

నేను మేనల్లుడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. ఆ తరువాత ఇద్దరమూ నాన్నగారి ముఖం చూశాము. ఆయన దిక్కులు చూడడం లేదు. ఆవిడను చూస్తున్నారు. సగం తెరచిన నోటితో ఏదో అంటున్నారు.

అమ్మను పిలిచి చూపించాము. ఆవిడ నింపాదిగా అన్నది: "జర ముందుకు రా అని పిలుస్తుండె. నేను రాలే. సిగ్గయింది. గంతల ఫొటో తీసిండు."

నలభై ఏళ్లు మేము చేసిన వేళాకోళానికి ఆయన ఎందుకు నవ్వి ఊరుకొన్నారో అప్పుడు తెలిసింది. ముందున్న మనిషి చూపుకు అర్థం వెనుకనున్న మనిషి దగ్గర ఉన్నది. వెనుకను చెరిపి ముందును మెరిపిస్తే, చూపు మిగులుతుంది, అర్థం పోతుంది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. చంకలోని బిడ్డ ముఖం తెల్లని మసక. ఆ నిదానపు షట్టరు తెరిచి ఉన్న క్షణంలో మా అక్క తల విదిలించింది. "ఇప్పుడు కంప్యూటరు కొత్త ముఖం పుట్టిస్తది మామా. అమ్మ చిన్నప్పటి వేరే ఫొటో ఉంటే చాలు" అన్నాడు మేనల్లుడు. చేయగలడు కూడా. నాకూ ఆశ పుట్టింది. అమ్మనే అడిగాము.

"వద్దు బిడ్డా. అప్పుడది ఏడ్చుకుంట తల ఊపుతుండె. గట్లనే ఉండనియ్యి" అన్నది.

తెలుగు పాఠం చెప్పేవాడిని కనుక నాకు అలంకారశాస్త్రం గుర్తుకు వచ్చింది. ఉన్నదానిని ఉన్నట్లు కళ్లకు కట్టించేది స్వభావోక్తి. ఉన్నదానిని పెంచి చెప్పేది అతిశయోక్తి. రెండూ అలంకారాలే, దేని చోటు దానిది. పెళ్లి ఆల్బములో, సినిమా వాల్‌పోస్టరులో అతిశయోక్తి ముద్దుగానే ఉంటుంది. కాని పోయినవారి ఫొటో ఒక విధంగా సాక్ష్యం. నెగటివులో నిద్రపోతున్న వెలుగును లేపడం వరకు స్వభావోక్తి. అందులో లేని ముఖాన్ని తెచ్చి అతికించడం ఆ సాక్షి చేత అబద్ధమాడించడం. ఈ గీత ఎక్కడ గీయాలో నేను పుస్తకాలు తిరగేసి చెప్పగలను. మా అమ్మ ఒక్క "వద్దు"తో గీసింది.

మీ ఇంట్లో కూడా పాత ఫొటోలు ఉండే ఉంటాయి. పెద్దది చేయించదలచుకొంటే కంప్యూటరు దగ్గరకు పోవడానికి ముందు, వాటిని ఇంట్లోని పెద్దవారికి చూపించండి. "ఈ నీడలో ఎవరున్నారు?" అని అడగండి. నెగటివుల కవరు ఎక్కడున్నదో కూడా వారికే తెలుస్తుంది. ఆ తరువాత సాఫ్ట్‌వేరు పని సాఫ్ట్‌వేరు చేస్తుంది.

సంవత్సరీకం నాడు మా అక్క వచ్చి పటం ముందు నిలబడ్డది. నాన్నగారిని చూచింది, ఆయన చూపు వెంట కమాను కిందికి పోయి అమ్మను చూచింది, ఆ చంకలోని తెల్లని మసకను చూచి, "ఇది నేనా?" అన్నది.

"ఇంకెవరు? అప్పుడు సుత ఒక్క దగ్గర నిలవకపోతివి" అన్నది అమ్మ.